డాక్టరుగారి గదిలో ఆడపడుచు

రేపల్లెలో ప్రాక్టీసు చేసే డాక్టర్ నజీరుద్దీన్‌గారికి రోగులంటే ఏనాడూ విసుగు రాలేదు. విసుగల్లా కాగితాలంటేనే. జ్వరం వచ్చినవాడికి మందు రాయడానికి ఎంతసేపు పడుతుంది? మందు రాసినట్టూ, రాయడానికి కారణం ఉన్నట్టూ, ఆ కారణం నిజమేనన్నట్టూ రుజువు చేసే కాగితాలకే పొద్దుపోయేది. మనిషిని మంచం మీద పడుకోబెట్టగానే కేసు షీటు, బీమా వాళ్లకొక పత్రం, సర్కారు పథకానికి ఇంకొకటి, మధ్యలో ఫొటోలు, ఇంటికి పంపితే డిశ్చార్జి సమ్మరీ, ఇంకా పైకి పోతే దానికో పత్రం. రోగం నయమై మనిషి సముద్రం మీద చేపల వేటకు వెళ్లిపోయినా, అతని కాగితాలు మాత్రం ఇంకా ఆస్పత్రిలోనే మంచం పట్టి ఉండేవి.

ఆయన భార్య ఖతీజా, అన్నం పళ్లెం పక్కన ఫైలు కనిపిస్తే కూర వడ్డించడం మానేసింది. అయినా ఆయన వట్టి అన్నం కలుపుకుని తింటూ సంతకాలు పెడుతూనే ఉన్నారు. సరిగ్గా ఆ దశలో వచ్చాడు ప్రేమ్ కుమార్. వడ్లమూడిలో ఇంజనీరింగు చదివి, తెనాలిలో చిన్న ఆఫీసు పెట్టుకున్నాడు. ఫోను లాంటి పరికరాన్ని ఒక స్టాండుకు తగిలించి డాక్టరుగారి బల్ల మీద నిలబెట్టాడు.

"మీరూ పేషెంటూ మాట్లాడుకుంటుంటే ఇది వింటుంది సార్. విన్నదంతా పద్ధతిగా రాసేస్తుంది. మీరు చూసుకుని 'సరే' అని నొక్కితే చాలు, కావాల్సిన కాగితాలన్నీ తయారైపోతాయి. పేషెంటు ఫోనుకు తెలుగులో మెసేజ్ కూడా వెళ్తుంది. వాళ్లేం చెప్పారు, మీరేం చెప్పారు, మందులెప్పుడు వేసుకోవాలి, అన్నీ. ఇక మీరు తల వంచుకుని రాసే పనే లేదు. హాయిగా మొహం చూసి మాట్లాడొచ్చు."

నర్సు బసవమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఇదంతా విన్నది. "అంటే ఏంటండీ, మూల కూర్చుని అందరి మాటలూ విని, ఎవరింటికి చేర్చాల్సింది వాళ్లింటికి చేరుస్తుందా? అయితే ఇది మిషను కాదండి. ఆడపడుచు" అంది. డాక్టరుగారు చాలాకాలం తర్వాత పగలబడి నవ్వారు. ఆ రోజు నుంచి ఆస్పత్రిలో దాని పేరు ఆడపడుచే.

నిజం చెప్పుకోవాలి, ఆడపడుచు వచ్చాక ఆస్పత్రి బాగుపడింది. డాక్టరుగారు మధ్యాహ్నం భోజనం మధ్యాహ్నమే తిన్నారు. ఖతీజా మళ్లీ కూర వడ్డించింది. కాగితం వంక చూడటం మానేసి మనుషుల వంక చూడటం మొదలుపెట్టాక, ఒక ముసలాయన మెడ మీద వాపు ఆయన కంటపడి, ఆ ముసలాయన ప్రాణం నిలబడింది. కాబట్టి యంత్రాన్ని తిట్టడానికి నేనీ కథ చెప్పడం లేదు. తిట్టదగినవాళ్లు వేరే ఉన్నారు.

కాకపోతే ఒక సంగతి ఎవరూ గమనించలేదు. ఇటు సముద్రపు ఒడ్డు ఊళ్ల నుంచి వచ్చే ఆడవాళ్లు అసలు మాట ముందు చెప్పరు. తలనొప్పి అంటారు, నీరసం అంటారు, పిల్లాడి దగ్గు గురించి చెబుతారు. డాక్టరుగారు తల వంచి మందులు రాయడం మొదలుపెట్టాక, పెన్ను కాగితం మీద కదులుతుంటే, అప్పుడు గొంతు తగ్గించి అసలు మాట చెబుతారు. చెప్పుకోలేని మాట చెప్పడానికి వాళ్లకు వంచిన తల కావాలి. నజీరుద్దీన్‌గారు తల ఎత్తేవారు కాదు. కాగితాన్నే అడుగుతున్నట్టు "ఎన్నాళ్ల నుంచి?" అనేవారు. జవాబు వచ్చేది. ఆ వంచిన తల కూడా వైద్యంలో భాగమేనని ఆయన చదివిన పుస్తకాల్లో లేదు. ఆయనకే తెలియని మంచి గుణం అది. కాగితాలతోపాటు అదీ పోయింది.

నిజాంపట్నం ధనమ్మ అలా చెప్పుకున్న ఆడవాళ్లలో ఒకతె. గర్భసంచి జారిన సంగతి, కట్టుకున్నవాడికి కూడా చెప్పనిది, ఆయన పెన్ను కదులుతుండగా చెప్పింది. ఆమె గంప ఎత్తుకుని రేపల్లె బజారులో చేపలు అమ్ముతుంది. భర్త అంకయ్య బోటు మీద వేటకు పోతాడు. సముద్రం మీద ఉన్నన్నాళ్లూ బంగారం లాంటి మనిషి, ఒడ్డున ఉన్నన్నాళ్లూ తాగుతాడు. తాగితే కొడతాడు. తాగనప్పుడు నోట్లో నాలుక లేనట్టుంటాడు. ఊళ్లో ఎవరికీ ఇది వింత కాదు. వింత కాకపోవడమే దరిద్రం.

ఆడపడుచు వచ్చిన కొత్తలో అంకయ్యకు కడుపునొప్పి వస్తే ధనమ్మ ఆస్పత్రికి తీసుకొచ్చింది. బరువు చూడ్డానికి బసవమ్మ అతన్ని బయటికి పిలిచినప్పుడు డాక్టరుగారు ధనమ్మ మొహంలోకి చూసి అడిగారు. "తాగుతాడా అమ్మా?"

"రోజూనండి. మానమంటే కొడతాడు."

"నేను గట్టిగా చెబుతాలే" అన్నారాయన. చెప్పారు కూడా. బయట వరండా నిండా జనం ఉన్నారు. యంత్రం రాసింది చదవకుండానే 'సరే' అని నొక్కారు.

సాయంత్రం అంకయ్య ఫోనుకు మెసేజ్ వచ్చింది. అతనికి చదువు రాదు. పదో తరగతి చదువుతున్న కూతురు ఇందు చేతికిచ్చి చదవమన్నాడు. మందుల వరకూ గడగడా చదివిన ఇందు, ఆ తర్వాత ఆగిపోయింది.

"ఆగావేంటి, చదువు."

ఇందు చదివింది. "రోగి రోజూ మద్యం సేవిస్తారని, మానమని అడిగితే కొడతారని భార్య తెలిపారు."

అంకయ్య ఆ రోజు తాగలేదు. తాగకుండా ఆమెను కొట్టడం అదే మొదటిసారి. ఇంటి పరువంతా డాక్టరు బల్ల మీద పెట్టి వచ్చావా అని కొట్టాడు. ఇందు ఫోను చేతిలో పట్టుకుని గోడకు ఆనుకుని ఏడ్చింది, తానే ఏదో తప్పు చేసినట్టు. మామూలు ఆడపడుచైతే ఉన్నవీ లేనివీ కల్పించి చెబుతుంది, బుకాయించడానికి వీలుంటుంది. ఇది ఉన్నది ఉన్నట్టే చెప్పింది. ఇక ఆ గదిలో నోరు విప్పకూడదని ధనమ్మ ఆ రోజే అనుకుంది.

తర్వాత కొన్నాళ్లకు, బజారులో చేపలు కొనే ఒకామె ఆమె చెంప మీద వాపు చూసి చెవిలో ఊదింది. బాపట్లలో ఒకాయన పొడి ఇస్తాడట. వాసన ఉండదు, రుచి ఉండదు. కూరలో కలిపి పెడితే తాగుడంటే అసహ్యం పుడుతుందట. ధనమ్మ చుట్టాలింట్లో పని ఉందని చెప్పి బాపట్ల వెళ్లి తెచ్చుకుంది.

"చిటికెడు చాలు. తినేవాడికి మాత్రం తెలియకూడదమ్మా. తెలిస్తే పని చెయ్యదు" అన్నాడు ఆ అమ్మేవాడు. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు.

అది మంత్రమూ కాదు, మూలికా కాదు. డాక్టర్లు వాడే మందే. కానీ తాగేవాడికి చెప్పి, ఒప్పించి, గుండె ఎలా ఉందో చూసుకుని ఇవ్వాల్సిన మందు. అది ఒంట్లో ఉండగా తాగితే తాగింది విషంలా తిరగబడుతుంది. మొహం ఎర్రబడుతుంది, వాంతులవుతాయి, గుండె దడదడలాడుతుంది. గుండెలో బలం లేనివాడైతే ప్రాణమే పోతుంది. మానేసినా రెండు వారాల దాకా ఒంట్లోంచి పోదు. ఈ నాలుగు మాటలూ చెప్పనందుకు ఆ బాపట్లవాడికి ఏ శిక్షా పడలేదు. ఇప్పటికీ అమ్ముతూనే ఉండి ఉంటాడు.

చేపల పులుసులో ఏది వేసినా కలిసిపోతుంది. మొదటిసారి తాగిన రోజున అంకయ్య వాంతులు చేసుకుని, సరుకు కల్తీదని కొట్టువాణ్ని బూతులు తిట్టాడు. ఇంకోసారీ అలాగే అయ్యేసరికి హడలిపోయాడు. తాగుడు మానేశాడు. ఆ ఇంట్లో సాయంత్రాలు ఎలా ఉంటాయో ధనమ్మకు పెళ్లయ్యాక మొదటిసారి తెలిసింది. అంకయ్య గుమ్మంలో కూర్చుని వల బాగుచేసుకునేవాడు. ఇందు పక్కనే కూర్చుని లెక్కలు చేసుకునేది. ఒకరోజు అతను పునుగుల పొట్లం తెచ్చి ధనమ్మ చేతికిచ్చి, ఎటో చూస్తూ "తిను" అన్నాడు. ఆమె లోపలికి వెళ్లి ఏడ్చింది, సంతోషంతోనే.

ఈ మార్పు పక్కింటికి తెలియకుండా ఎలా ఉంటుంది? పక్కిల్లు అంకయ్య తమ్ముడు పోలయ్యది. అతనూ అన్నకు తగ్గ తమ్ముడే. అతని భార్య నాగవేణి చిన్నపిల్ల, ఐదో నెల గర్భిణి. "ఏం చేశావక్కా? నాకూ చెప్పవా?" అని వెంటపడింది. ధనమ్మ ఆ పిల్ల చేత ఒట్టు వేయించుకుని, పొట్లం విప్పి, సగం వేరే కాగితంలో పోసి ఇచ్చింది. మంచే చేస్తున్నాననుకుంది.

అంకయ్యకు మాత్రం లోపల అనుమానం పట్టుకుంది. ఎప్పుడైనా ఆశపడి ఒక గుక్క వేస్తే చాలు, గుండె పట్టేసినట్టు అవుతోంది. తనకేదో జబ్బు చేసిందని తనే ఆస్పత్రికి బయల్దేరాడు. ధనమ్మ కూడా వెళ్లింది. డాక్టరుగారు ఈసీజీ తీసి చూసి, గుండె కాస్త బలహీనంగా ఉందన్నారు.

"తాగినప్పుడే ఇట్లా అవుతోందా?"

"అవునండి. తాగకపోతే బాగానే ఉంటందండి."

నజీరుద్దీన్‌గారికి అనుమానం వచ్చింది. ఆయన అసమర్థుడు కాదు. రక్తపరీక్ష అని చెప్పి అంకయ్యను బయటికి పంపించి, ధనమ్మను సూటిగా చూస్తూ అడిగారు. "ఇంట్లో ఏమైనా మందు పెడుతున్నావా అమ్మా? పసరో, పొడో, ఏదైనా సరే. భయపడకుండా చెప్పు."

అడగాల్సిన ప్రశ్నే అడిగారు. అడగాల్సిన మనిషినే అడిగారు. గొంతులో దయ కూడా ఉంది. కానీ ఆయన రెండు కళ్లూ ఆమె మొహం మీదే ఉన్నాయి, బల్ల మీద ఆడపడుచు పచ్చటి చుక్క వెలిగించుకుని వింటోంది. ఇక్కడ చెప్పిన మాట సాయంత్రానికి అంకయ్య ఫోనులో ఉంటుంది. దాన్ని ఇందు చదువుతుంది.

"లేదండి."

"నిజంగానా?"

"నిజమేనండి. ఏం లేదండి."

కళ్లలోకి చూస్తే అబద్ధం పట్టేయొచ్చని ఆయన కొత్తగా నేర్చుకున్న నమ్మకం. కష్టపడి బతికే ఆడవాళ్లు కళ్లలోకి చూస్తూ అబద్ధమాడటం ఎన్ని చోట్ల నేర్చుకుంటారో ఆయనకు తెలియదు. "తాగుడు ముట్టుకోకు, ముట్టుకుంటే చచ్చిపోతావు" అని అంకయ్యకు గట్టిగా చెప్పి పంపించారు.

బయటికి వచ్చాక ధనమ్మ బసవమ్మ కోసం వెతికింది. ఇదివరకు వరండాలో బసవమ్మకొక రాతబల్ల ఉండేది. ఆమె వివరాలన్నీ రాసుకుంటూ కూర్చునేది, ఆడవాళ్లు ఆ బల్లకు చేరగిలబడి ఒక్కో మాటా వదిలేవాళ్లు. రాసే పని లేకపోయేసరికి ఆ బల్ల తీసేసి కుర్చీలు వేశారు. బసవమ్మ పైన వార్డులో ఉందన్నారు. ధనమ్మ కాసేపు కుర్చీల మధ్య నిలబడి, భర్త పిలిస్తే వెళ్లిపోయింది.

చనిపోతావని డాక్టరుగారన్న మాట ఆమె చెవిలో ఉండిపోయింది. పొడి కలపడం మానేసింది. మానేసిన నెల తిరక్కముందే, తాగినా ఏమీ కావడం లేదని అంకయ్య కనిపెట్టాడు. ఒకరోజు తూలుతూ వచ్చి, అడ్డం వచ్చిన ఇందును చెయ్యి మెలిపెట్టి నెట్టాడు. పిల్ల నుదురు గడపకు తగిలి పగిలింది. మర్నాడు ధనమ్మ పులుసులో ఒక చిటికెడు కాదు, రెండు వేసింది. కోపం వచ్చిన తల్లి చెయ్యి అది. దాన్ని నేను తప్పుపట్టను.

ఆ వారంలోనే ఊళ్లో ఒక కొత్త బోటును నీళ్లలోకి దించారు. గంగమ్మకు కొబ్బరికాయ కొట్టారు, మేకపోతును కోశారు, సీసాలు తెరిచారు. పదిమందిలో వద్దంటే మగతనం పోతుంది కాబట్టి అంకయ్య తాగాడు. మరో గ్లాసూ తాగాడు. కాసేపటికి మొహం కందగడ్డలా అయి ఇసుకలో కూలబడ్డాడు.

ఆటోలో రేపల్లెకు తెచ్చేసరికి బీపీ పడిపోతోంది. చుట్టూ పోలయ్య, కులపెద్ద శివరామయ్య, ఇంకా పదిమంది మగవాళ్లు. నజీరుద్దీన్‌గారు ఆడపడుచును చేత్తో పట్టుకునే పరుగెత్తుకొచ్చారు. "ఏమైనా తిన్నాడా? ఏమైనా మందు ఇచ్చారా? ధనమ్మా, నిన్నే."

మగవాళ్లందరూ ఆమె వంక తిరిగారు.

"లేదండి" అంది.

గుండెపోటనుకుని తెనాలి పెద్దాస్పత్రికి పంపించారు. వేమూరు దాటాక అంబులెన్సులో అంకయ్య ప్రాణం పోయింది. ధనమ్మ అతని అరచెయ్యి పట్టుకునే ఉంది. ఆ చెయ్యి ఎన్నిసార్లు కొట్టిందో, ఒక్కసారి పునుగులు ఎలా ఇచ్చిందో, అంతా కలగాపులగంగా గుర్తొచ్చి, తెనాలి చేరేదాకా దాన్ని వదల్లేదు.

మర్నాడు మగవాళ్లు కొందరు ఆస్పత్రి ముందు గొడవకు దిగారు. మా మనిషిని సరిగ్గా చూడలేదన్నారు. నజీరుద్దీన్‌గారు కంగారుపడలేదు. ఆడపడుచు రాసిందంతా అచ్చు తీయించి వాళ్ల చేతికిచ్చారు. వాళ్లలో చదువుకున్నవాడొకడు పైకి చదివాడు. ఏ రోజు ఏమడిగారు, ఎవరేం చెప్పారు, తాగొద్దని ఎలా హెచ్చరించారు, అన్నీ ఉన్నాయి. 'మరే మందూ ఇవ్వలేదని భార్య తెలిపారు' అని రెండుచోట్ల ఉంది. జనం చల్లబడి వెళ్లిపోయారు. అంతా పద్ధతిగా ఉంది. ధనమ్మ అబద్ధం కూడా అచ్చుతప్పు లేకుండా ఉంది.

పెద్దకర్మ అయ్యేదాకా ధనమ్మను చీకటి గదిలో ఒక మూల కూర్చోబెట్టారు. నాగవేణి అన్నం పట్టుకొచ్చేది. ఎవరూ లేనప్పుడు ధనమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

"ఆ పొడి పారెయ్యవే నాగవేణీ."

"ఎందుకక్కా?"

ఎందుకో చెప్పాలంటే అంకయ్య ఎందుకు పోయాడో చెప్పాలి. "పారెయ్యమన్నానా. పారెయ్యి, అంతే."

"సరేలే అక్కా" అంది నాగవేణి. పారేయలేదు. అన్న పోయిన దుఃఖంలో పోలయ్య పొద్దున్నుంచే తాగుతున్నాడు, ఇంట్లో గిన్నెలు విసురుతున్నాడు. పోయే ముందు బావగారు ఎంత మంచిగా మారాడో ఆ పిల్ల కళ్లారా చూసింది. భర్త కూడా అట్లా మారితే చాలనుకుంది. అన్నాళ్లూ భయపడి దాచిపెట్టిన పొడిని పెద్దకర్మకు ముందురోజు తీసి, మొదటిసారి కూరలో కలిపింది.

పెద్దకర్మ నాడు వాళ్లలో ఒక ఆచారం ఉంది. పోయినవాడి పేరున ముందు కాస్త నేల మీద పోసి, తర్వాత అన్నదమ్ములు తాగాలి. కాదనకూడదు. పోలయ్య కాదనేవాడూ కాదు. అన్న పేరు చెప్పి ఏడుస్తూ తాగాడు. లోపల మూల కూర్చున్న ధనమ్మకు, మొహం ఎర్రబడిందనీ వాంతి చేసుకున్నాడనీ మాటలు వినిపించాయి. ఆమె లేచి నిలబడింది.

"ఎక్కడికే? ఇవాళ నువ్వు గడప దాటకూడదు" అని ముసలమ్మలు చెయ్యి పట్టుకున్నారు. విదిలించుకుని, పోలయ్యను తీసుకెళ్లే ఆటో ఎక్కింది. ఇందు కూడా వెంట వచ్చింది. శివరామయ్య ఛీ అన్నాడు. ఎవరి మాటా ఆమె చెవిన పడలేదు.

ఆస్పత్రిలో బసవమ్మ మగవాళ్లందరినీ వరండాలో ఆపేసింది. లోపల డాక్టరుగారు, మంచం మీద పోలయ్య, నాగవేణి, ధనమ్మ, తల దగ్గర స్టాండు మీద ఆడపడుచు. నజీరుద్దీన్‌గారు తెనాలికి పంపడానికి అంబులెన్సు సిద్ధం చేయమన్నారు. అన్నంతలోనే ఆగి, ఒకే ఇంట్లో ఇద్దరికీ ఇలాగేంటని నాగవేణి వైపు తిరిగారు.

"ఏమైనా మందు పెట్టావా అమ్మా?"

నాగవేణి వరండా వైపు చూసింది. "లేదండి" అంది.

అదే మాట. తన నోట్లోంచి వచ్చిన మాటే ఆ పిల్ల నోట్లోంచి వచ్చేసరికి ధనమ్మ ముందుకొచ్చింది. తెనాలి దారి ఎంత పొడుగో ఆమెకు తెలుసు.

"పెట్టిందండి. తాగుడు మాన్పించే పొడి. బాపట్ల నుంచి నేనే తెచ్చి ఇచ్చాను. మా ఆయనకూ నేనే పెట్టానండి. తెనాలి పంపకండి, దార్లో పోతాడు."

డాక్టరుగారు ఇంకేమీ అడగలేదు. అంబులెన్సు వద్దన్నారు. ఎక్కించబోతున్న మందు మార్పించారు, కాళ్ల వైపు మంచం ఎత్తించారు, సెలైన్లు, ఆక్సిజను పెట్టి పక్కనే నిలబడ్డారు. సాయంత్రానికి పోలయ్య బీపీ నిలబడింది. కళ్లు తెరిచి నీళ్లడిగాడు. తెలిస్తే ఆగే చావే అది. అంకయ్యదీ ఆగేదే.

ఆ తర్వాత డాక్టరుగారు ఇద్దరు ఆడవాళ్లనూ తన గదిలోకి పిలిచి కూర్చోబెట్టారు. ఆ పొడి ఇంకా రెండు వారాలు పోలయ్య ఒంట్లో ఉంటుందని చెప్పారు.

"నేను అడిగాను కదమ్మా" అన్నారు చివరికి. "నీ మొహంలోకి చూసి మరీ అడిగాను."

"చూశారు కాబట్టే చెప్పలేకపోయానండి. అప్పట్లో మీరు రాసుకుంటా ఉండేవాళ్లు."

ఆయనకు అర్థమైంది. అర్థమైనట్టు మొహం చూస్తే తెలిసింది. యాభై ఏళ్ల మనిషి కళ్లు తుడుచుకున్నాడు.

ఆడపడుచు తన పని తాను చేసింది. పొడి ఎవరు తెచ్చారు, ఎవరికిచ్చారు, ఎవరి కూరలో ఎవరు కలిపారు, అంతా చక్కటి తెలుగులో రాసి, 'సరే' కోసం ఎదురుచూస్తోంది. నజీరుద్దీన్‌గారు మొదటిసారి అక్షరం అక్షరం చదివారు.

"పోలయ్య ఫోను ఎవరి దగ్గరుంది?"

"శివరామయ్య మామ దగ్గరండి" అంది నాగవేణి.

"దీన్ని చెరిపేస్తాను. పోలీసులకు మాత్రం చెప్పక తప్పదు. ఊళ్లో తెలియకుండా చూద్దాం" అన్నారాయన.

ధనమ్మ తల అడ్డంగా ఊపింది. "పోలయ్యకు చెప్పకపోతే రేపు లేచి మళ్లీ తాగుతాడండి. ఆ మందు ఇంకా ఒంట్లో ఉంటుందన్నారుగా. చెప్పి తీరాలి. చెబితే, ఎవరు పెట్టారని అడుగుతారు." ఆమె నాగవేణి కడుపు వంక చూసింది. "దీన్ని బతకనివ్వరండి."

"మరేం చేద్దామంటావు?"

"ఇందాక చెప్పింది మార్చి చెబితే అది మార్చి రాసుకుంటుందాండి?"

"రాసుకుంటుంది."

ధనమ్మ లేచి బల్ల దగ్గరికి వెళ్లింది. ఇంతకాలం ఏ చుక్కను చూసి నోరు మూసుకుందో, దాని మీదకే వంగింది. గొంతు తగ్గించలేదు.

"రాసుకో. ఇద్దరి కూరలోనూ నేనే కలిపాను. అంకయ్యకూ నేనే, పోలయ్యకూ నేనే. నాగవేణికి ఏమీ తెలియదు."

"అక్కా" అని నాగవేణి లేవబోయింది.

"నువ్వు కూర్చో. కడుపులోది చూసుకో."

పాత అక్షరాలు పోయి కొత్తవి వచ్చాయి. అది అబద్ధమని నజీరుద్దీన్‌గారికి తెలుసు. ఆయన వేలు 'సరే' దగ్గరికి వెళ్లింది. ధనమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"కొంచెం ఆగి నొక్కండి. మా ఇందు వరండాలోనే ఉంది. శివరామయ్యకు చదువు రాదు, దాని చేతికే ఇచ్చి చదవమంటాడు. అది ఫోనులో చదవకూడదండి. నా నోటితో నేను చెబుతాను."

ఆమె కొంగు సర్దుకుని, కర్టెన్ తొలగించి బయటికి వెళ్లింది. డాక్టరుగారు తల వంచుకుని కూర్చున్నారు. బయట ధనమ్మ గొంతు వినిపించింది, మాటలు తెలియలేదు. ఆ తర్వాత ఇందు ఏడుపు వినిపించింది.

ఆయన నొక్కారు.